విరాసత్ అంటే అమానత్

మా నవాబుపేట తహసీల్దారు కార్యాలయం వరండాలో ఒక పూట నిలబడితే చాలు, ఎన్నో ఉర్దూ, ఫార్సీ, అరబ్బీ మాటలు చెవిన పడతాయి. పలికేవారు అన్ని కులాలవారు, అన్ని మతాలవారు. పట్టాదారు మరణిస్తే ‘ఫౌతీ’ అంటారు. వారసుల పేర భూమి ఎక్కితే ‘విరాసత్ అయింది’ అంటారు. పహాణీ, సేత్వార్, ఖాస్రా, ఇనాం అన్నవన్నీ నిజాం రాజ్యం నాటి రెవెన్యూ భాష. రాజ్యం పోయినా ఆ భాష రైతు నాలుక మీద నిలిచిపోయింది. ‘విరాసత్’ మన ఇళ్ళలో ధర్మశాస్త్రానికి చెందిన మాట. కార్యాలయంలో అది ఒక దరఖాస్తు పేరు. మా తండ్రిగారు అల్లాహ్ సన్నిధికి చేరిన తరువాత, ఈ రెండర్థాలను ఒకచోటికి చేర్చడమే మా ఇంటికి పెద్ద పని అయింది.

మేము ఇద్దరం అన్నదమ్ములం. మాకు ముగ్గురు అక్కచెల్లెళ్ళు. ముగ్గురికీ వివాహాలై అత్తవారిళ్ళలో ఉన్నారు. అమ్మీ మా దగ్గరే ఉన్నారు. మేముంటున్న ఇల్లు మొదటినుంచీ అమ్మీ పేరనే ఉన్నది. అబ్బా విడిచి వెళ్ళినవి నాలుగు: బోరుబావితో కూడిన నాలుగెకరాల పట్టా భూమి, ఒక బ్యాంకు ఖాతా, బాకీలు రాసుకున్న నోటుపుస్తకం, ఒక సెల్‌ఫోను. మొదటి రెండింటికి వారసులుంటారని అందరికీ తెలుసు. మిగతా రెండింటికి కూడా ఉంటారన్నది మాకు క్రమంగా బోధపడింది. ఈ నాలుగింటి విషయంలో షరీఅత్ ఏమంటుందో, దేశ చట్టం ఇటీవల ఎటు నడుస్తున్నదో, మేము తెలుసుకున్నంత మేరకు పాఠక కుటుంబాల ముందుంచుతున్నాము.

ఎనిమిది భాగాల లెక్క

దివ్య ఖుర్ఆన్‌లోని అన్‌నిసా సూరా 11, 12 ఆయతులు వాటాలను నిర్ణయించాయి. మృతునికి సంతానం ఉన్నప్పుడు భార్యకు ఎనిమిదవ వంతు. తక్కినది సంతానానికి, కుమారుని వాటా ఇద్దరు కుమార్తెల వాటాకు సమానం. అబ్బా తల్లిదండ్రులు అంతకు ఎన్నో ఏళ్ళ ముందే గతించారు గనుక మా లెక్క సులభమైంది. ఎనిమిది భాగాల్లో అమ్మీకి ఒకటి, ముగ్గురు సోదరీమణులకు ఒక్కొక్కటి, మా ఇద్దరికి రెండేసి. నాలుగెకరాలంటే 160 గుంటలు. ఒక్కొక్క భాగం 20 గుంటలు.

కాగితం మీద ఇది ఐదు నిమిషాల పని. ఊళ్ళో మాత్రం నెలలు పట్టింది. శంకర్‌పల్లి వైపు నుంచి హైదరాబాదు నగరం మాకు దగ్గరవుతున్న కొద్దీ, నిన్నమొన్నటి దాకా కంది, పత్తి లెక్కల్లో మాట్లాడుకున్న భూమిని ఇప్పుడు గజాల లెక్కన అడిగేవారు వస్తున్నారు. అబ్బా నలభయ్యో రోజు గడవకముందే ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు మాకు హితవు చెప్పారు. “ఆడబిడ్డల పెళ్ళిళ్ళకు మీ నాయన ఖర్చు పెట్టాడు, బంగారం పెట్టాడు. ఇంకా వాటా ఏమిటి? ఒకనాడు ఆఫీసుకు పిలిచి వేలిముద్ర వేయించుకోండి. పుట్టింటి దారి మూసుకోవాలని ఏ ఆడపిల్ల కోరుకుంటుంది?” అన్నారు.

ఆ చివరి మాటలోనే అసలు బలం ఉన్నది. చాలా ఇళ్ళలో అక్కచెల్లెళ్ళు సంతకం పెట్టేది వాటా వద్దనుకొని కాదు. పండుగకు పుట్టింటికి పిలుపు ఉండాలని. మా నడిపి ఆపా కూడా తాండూరు నుంచి అదే నిశ్చయంతో వచ్చారు. “తమ్ముళ్ళతో తగవు నాకెందుకు అమ్మీ, రాసిచ్చేస్తాను” అన్నారు. ఆమె భర్త అప్పటికి ఆరు నెలలుగా మూత్రపిండాల వ్యాధితో చికిత్స పొందుతున్నారు. డబ్బు అవసరం ఎవరికైనా ఉన్నదంటే ఆమెకే ఉన్నది. అమ్మీ ఒక్కటే ప్రశ్న అడిగారు: “నీ చేతికి రానిదాన్ని నువ్వు ఎట్లా ఇస్తావు బేటీ?”

చదువు లేని మా అమ్మీ అడిగిన ఆ ప్రశ్నే ఆలిమ్‌ల నోట కూడా విన్నాము. వాటా ముందు ఆమె స్వాధీనంలోకి రావాలి. ఆ తరువాత ఎవరి ఒత్తిడీ లేకుండా, తన ఇష్టంతో ఆమె ఇస్తే అది హిబా. చేతికి రాకముందే మొహమాటంతో వదులుకున్నదాన్ని హిబా అనలేము. తండ్రి బతికుండగా పెళ్ళికి పెట్టిన ఖర్చు ఆయన తన బిడ్డకు చేసినది. అది ఆమె వాటాలో కోత కాదు. అన్‌నిసా సూరాలోనే ఏడవ ఆయత్ పురుషులకు వాటా ఉన్నట్లే స్త్రీలకూ ఉన్నదని, ఆస్తి కొంచెమైనా ఎక్కువైనా సరే అని స్పష్టం చేసింది. ఉహుద్ యుద్ధంలో అమరులైన హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) సతీమణి తన ఇద్దరు కుమార్తెలను వెంటబెట్టుకొని దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి, ఆస్తినంతా వారి పినతండ్రి తీసుకున్నాడని మొరపెట్టుకున్నారు. వారసత్వ ఆయతులు అవతరించిన పిమ్మట ప్రవక్త (స) ఆ పినతండ్రిని పిలిపించి, కుమార్తెలకు మూడింట రెండు వంతులు, తల్లికి ఎనిమిదవ వంతు ఇమ్మని, మిగిలినది తీసుకోమని ఆదేశించారు. ఈ చట్టానికి తొలి వాది ఒక తల్లి అన్న సంగతి మన ఇళ్ళలో తరచుగా చెప్పుకోవలసినది.

దేశ న్యాయస్థానాలు కూడా ఈ వాటాలను గట్టిగానే నిలబెడుతున్నాయి. 2025 అక్టోబరులో మహారాష్ట్ర నుంచి వచ్చిన ఒక అప్పీలులో, సంతానం లేని వితంతువుకు భర్త మత్రూకాలో నాలుగవ వంతు దక్కుతుందని సుప్రీంకోర్టు ధ్రువీకరించింది. కేవలం అమ్మకపు ఒప్పందం కుదిరినంత మాత్రాన ఆస్తి చేతులు మారదని, అది మత్రూకాలోనే ఉంటుందని కూడా చెప్పింది. అదే నెల 7వ తేదీన మన తాండూరుకు పొరుగున ఉన్న కర్ణాటకలోని కలబురగి భూములపై మరొక తీర్పు వచ్చింది. 1988లో నోటి మాటగా హిబా జరిగిందంటూ పాతికేళ్ళ తరువాత వేసిన దావా అది. దానం ప్రకటించడం, స్వీకరించడం, స్వాధీనపరచడం అన్న మూడూ రుజువు కావాలని, రికార్డుల్లో పేరు కూడా మారనప్పుడు స్వాధీనం జరిగిందనలేమని న్యాయస్థానం ఆ దావాను తోసిపుచ్చింది. నోటి మాట షరీఅత్‌లో చెల్లుతుంది. అయితే సాక్ష్యం చెప్పగలవారు మరణించాక దానిని నిలబెట్టేది స్వాధీనం, కాగితం మాత్రమే.

వేలిముద్ర వెనుక

మన రాష్ట్రంలో 2020 నాటి పట్టాదారు పాసుపుస్తకాల చట్టం కింద, ధరణిలో విరాసత్ చేయించుకోవాలంటే వారసులందరి ఉమ్మడి అంగీకారం కావలసి ఉండేది. అది మంచి నియమమే. కానీ ఆ నియమం వల్లనే సోదరి వేలిముద్ర ఒక విలువైన వస్తువుగా మారింది. దానిని ఎట్లాగైనా సంపాదించడమే పెద్దమనుషుల తెలివి అయింది. 2025 ఏప్రిల్ 14న ప్రారంభమైన భూభారతి చట్టంలో, వారసులకు నోటీసు ఇచ్చి తహసీల్దారు విచారణ జరిపిన తరువాతే పేరు మార్చాలి. అన్యాయం జరిగిందనుకుంటే ముందు ఆర్డీఓకు, తరువాత కలెక్టరుకు అప్పీలు చేసుకోవచ్చు. ధరణి కాలంలో ఇటువంటి తగవులకు సివిల్ కోర్టే దిక్కుగా ఉండేది. ఇప్పుడు అత్తవారింట ఉన్న ఆడబిడ్డకు కూడా నోటీసు అందవలసి ఉన్నది. ఆ కాగితం వచ్చినప్పుడు చదివించుకోవడం మన సోదరీమణులు నేర్చుకోవాలి.

వేలిముద్రకు మరొక ప్రమాదం కూడా ఉన్నది. 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో ఒక సిమ్ కార్డుల వ్యాపారిని పోలీసులు అరెస్టు చేశారు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో ఉన్న భూమి దస్తావేజుల నుంచి అతడు రైతుల వేలిముద్రలు తీసి, రబ్బరు ముద్రలు చేయించి, వేల సంఖ్యలో సిమ్‌లను చేతనం చేశాడని తేలింది. తమ భూమిని భద్రంగా ఉంచుతుందని రైతు వేసిన ముద్ర, రైతుకు తెలియకుండా మరొకచోట అతని పేరున పలికింది. తరువాతి కాలంలో ఇదే పద్ధతితో ఆధార్ చెల్లింపుల ద్వారా ఖాతాల నుంచి డబ్బు తీసిన ముఠాలు కూడా పట్టుబడ్డాయి.

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తీర్పునిచ్చింది. మన హైకోర్టు 2020 నవంబరులో, ధరణిలో వ్యవసాయేతర ఆస్తుల యజమానుల ఆధార్, కులం వంటి వివరాల సేకరణను గోప్యత దృష్ట్యా నిలుపుదల చేసింది. మనకు ఈ భావన కొత్తదేమీ కాదు. అనుమతి అడగనిదే పరుల ఇంట అడుగు పెట్టరాదని అన్‌నూర్ సూరా, ఒకరి గుట్టు ఆరా తీయరాదని అల్‌హుజురాత్ సూరా విశ్వాసులకు ఏనాడో నేర్పాయి.

భూభారతి దరఖాస్తు కోసం మా ఆరుగురి ఆధార్ నకళ్ళు తీయించవలసి వచ్చినప్పుడు, జిరాక్సు దుకాణంలో చెడిపోయిన ప్రతులను కూడా మేము అడిగి తెచ్చుకున్నాము. సోదరీమణుల ఆధార్ బయోమెట్రిక్‌ను తాళం వేసుకునే విధానం వారి ఫోన్లలోనే చూపించాము. పని ఉన్న రోజున తెరచి మళ్ళీ మూసుకోవచ్చు. ఎవరి ఖాతాలోనైనా తాము చేయని చెల్లింపు కనబడితే, రోజులు లెక్కపెట్టుకోవాలి. 2017 జూలై 6 నాటి రిజర్వు బ్యాంకు ఉత్తర్వు ప్రకారం, బ్యాంకుదీ ఖాతాదారుదీ లోపం కాక మూడవ వ్యక్తి చేసిన మోసమైతే, మూడు పనిదినాల్లో ఫిర్యాదు చేసిన ఖాతాదారుపై ఎటువంటి భారమూ ఉండదు. నాలుగు నుంచి ఏడు పనిదినాల వరకు భారం ఒక పరిమితికి లోబడి ఉంటుంది. 2025 జనవరిలో అస్సాంకు చెందిన ఒక ఖాతాదారు పోగొట్టుకున్న 94,204 రూపాయల కేసులో, వెంటనే ఫిర్యాదు చేసినవారికి బ్యాంకే బాధ్యత వహించాలన్న హైకోర్టు తీర్పును సుప్రీంకోర్టు నిలబెట్టింది. ఓటీపీని మనమే చెప్పినట్లయితే మాత్రం ఆ రక్షణ ఉండదు.

అబ్బా ఫోను

అబ్బా ఫోనుకు తాళం లేదు. దఫనం జరిగిన మరునాడు కూడా అది మోగుతూనే ఉన్నది. వార్త తెలియని ఎరువుల దుకాణం వారు, మార్కెట్ యార్డు హమాలీలు, దూరపు చుట్టాలు మాట్లాడారు. తెరిచి చూడటం ఎవరికైనా క్షణం పని. చూడవచ్చునా అన్నదే ప్రశ్న.

అబ్బా ఊళ్ళో నలుగురికి చేతనైన సాయం చేసే మనిషి. అటువంటివారి ఫోనులో స్వంత రహస్యాలకన్నా పరుల రహస్యాలే ఎక్కువగా ఉంటాయి. కూతురి వైద్యానికి డబ్బు అడిగినవారు ఉంటారు. ఇంటి గొడవ చెప్పుకొని ఏడ్చినవారు ఉంటారు. ఆ గొంతులు అబ్బాను నమ్మి పలికినవి. ఆయన మరణంతో ఆ నమ్మకం మాకు ఆస్తిగా సంక్రమించదు. అందుచేత ఫోను అమ్మీ వద్ద ఉంచాము. బాకీల విషయం తేల్చుకోవలసి వచ్చినప్పుడు, ఆమె ఎదుట, ఆ మనిషికి సంబంధించినంత వరకే చూడాలని నియమం పెట్టుకున్నాము.

ఆ నియమం ఒకసారి మాకు గట్టి మేలు చేసింది. నోటుపుస్తకంలో లేని 15,000 రూపాయల బాకీ ఉన్నదని పొరుగూరి రైతు ఒకరు వచ్చారు. ఆయన వద్ద కాగితం లేదు. “మీ నాయన ఫోనులో నా మాట ఉంటుంది, చూడండి” అని ఆయనే అనుమతించారు. చూశాము. అప్పు తీసుకున్న రోజున అబ్బా స్వయంగా పంపిన స్వర సందేశం అందులో ఉన్నది. పంట అమ్మగానే ఇస్తానన్నారు. ఆ ఫోనును మేము మొదటి వారంలోనే తుడిచివేసి ఉంటే ఒక నిజమైన అప్పు అబ్బా మెడమీద మిగిలిపోయేది. ఇష్టం వచ్చినట్లు తెరచి చదివి ఉంటే ఎందరి గుట్టో మా నోళ్ళలో పడేది.

ఈ విషయంలో చట్టం ఇప్పుడిప్పుడే దారి వేస్తున్నది. 2023 ఆగస్టులో రాష్ట్రపతి ఆమోదం పొందిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 14వ సెక్షను, మనిషి తన మరణానంతరం లేదా అశక్తుడైనప్పుడు తన డేటా హక్కులను వినియోగించే ప్రతినిధిని ముందుగానే నియమించుకునే హక్కు కల్పించింది. దాని నియమావళి 2025 నవంబరులో వెలువడింది. ప్రధాన నిబంధనలు 18 నెలల తరువాత, అనగా 2027 మే నెలలో అమలులోకి వస్తాయి. డేటాకు తగిన భద్రత కల్పించని సంస్థలకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. గూగుల్, ఆపిల్, ఫేస్‌బుక్ ఖాతాల్లో వారసుడిని సూచించే ఏర్పాటు ఇప్పటికే ఉన్నది.

అయితే ఆ చట్టంలోనే ఒక మినహాయింపు ఉన్నది. వ్యక్తిగత, గృహ అవసరాల కోసం ఒక మనిషి చేసే డేటా వినియోగానికి అది వర్తించదు. కంపెనీ మన సమాచారాన్ని దుర్వినియోగం చేస్తే అడిగే అధికారి ఉంటాడు. తండ్రి ఫోను చేతబట్టుకొని, చెల్లెలి సందేశాలు చదివి, నలుగురిలో బయటపెట్టే అన్నను ఆ చట్టం అడగదు. పాస్‌వర్డును మోసపూరితంగా వాడితే ఐటీ చట్టం 66సి సెక్షను కింద మూడేళ్ళ వరకు జైలు ఉన్నది. మోసం లేని కుతూహలానికి మాత్రం పోలీసు లేడు. అక్కడ మిగిలేది తఖ్వా ఒక్కటే.

నామినీ ఎవరు?

అబ్బా బ్యాంకు ఖాతాలో నామినీగా మాలో ఒకరి పేరు ఉన్నది. సొమ్ము అతని ఖాతాకు వచ్చింది. “నామినీ నువ్వే గదా, ఇక పంచేదేమున్నది?” అని చదువుకున్నవారే అడిగారు. మన సమాజంలో అత్యధిక అన్యాయాలు ఈ ఒక్క మాట చాటున జరుగుతున్నాయి.

ఖాతా సొమ్మును స్వీకరించే అధికారమే నామినీది. యాజమాన్యం వారసులదని సుప్రీంకోర్టు 2010లోనే స్పష్టం చేసింది. కంపెనీ వాటాల విషయంలో కూడా ఇదే సూత్రమని 2023 డిసెంబరు 14న తీర్పునిచ్చింది. బీమా సంగతి కొంత వేరు: నామినీలు తల్లిదండ్రులు, జీవిత భాగస్వామి, సంతానం అయితే వారికే లబ్ధి చెందుతుందని 2015లో చట్టాన్ని సవరించారు. కనుక బీమా సొమ్ము విషయంలో న్యాయవాదినీ ఆలిమ్‌నూ ఇద్దరినీ సంప్రదించడం మంచిది. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురిని నామినీలుగా పెట్టుకోవచ్చు. ఎవరికి ఎంత శాతమో కూడా రాయవచ్చు. మరణించినవారి ఖాతాల క్లెయిములను, పత్రాలన్నీ అందిన 15 రోజుల్లో పరిష్కరించాలని రిజర్వు బ్యాంకు 2025 సెప్టెంబరులో ఆదేశించి, 2026 మార్చి 31లోగా అమలు చేయాలని గడువు పెట్టింది.

నామినీని మన భాషలో చెప్పాలంటే ‘అమీన్’, అమానతును మోసేవాడు. అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించమన్న ఆజ్ఞ కూడా అన్‌నిసా సూరాలోనే, 58వ ఆయతులో ఉన్నది. వాటాలు చెప్పిన సూరాయే అప్పగింత కూడా చెప్పింది.

ముందు అప్పు, పిదప వాటా

షరీఅత్‌లో వరుస ఇది: మొదట కఫన్ దఫన్ ఖర్చు, తరువాత అప్పులు, తరువాత మూడవ వంతుకు మించని వసియ్యత్, ఆ పైన వాటాలు. వారసునికి వసియ్యత్ లేదు. వాటాల ఆయతులు రెండింటిలోనూ ‘వసియ్యత్, అప్పులు తీరిన పిమ్మటే’ అన్న షరతు మళ్ళీ మళ్ళీ వస్తుంది. రెండు దీనార్ల అప్పుతో మరణించిన ఒక సహచరుని జనాజా వచ్చినప్పుడు, హజ్రత్ అబూ ఖతాదా (రజి) ఆ బాకీ తనదని పూచీ పడిన తరువాతే ప్రవక్త (స) నమాజు చేయించిన సంఘటన హదీసు గ్రంథాల్లో ఉన్నది.

తండ్రి అప్పులు కొడుకుల ఇల్లు ముంచుతాయని పల్లెల్లో భయం ఎక్కువ. ఫైనాన్సు వసూలుదారులు ఆ భయం మీదే బతుకుతారు. చట్టం అట్లా లేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 50వ సెక్షను ప్రకారం, మృతుని ఆస్తి వారసుని చేతికి ఎంత వచ్చిందో అంత మేరకే అతని బాధ్యత. ముస్లిం వారసులు మరణ క్షణం నుంచే తమతమ వాటాలకు విడివిడిగా హక్కుదారులని, తమ వాటా నిష్పత్తిలోనే అప్పుకు బాధ్యులని సుప్రీంకోర్టు ఆరు దశాబ్దాల క్రితమే తేల్చింది. వారసుడు హామీ సంతకం చేసి ఉంటే అది వేరు. కనుక దుఃఖంలో ఉన్న ఇంటికి వచ్చి కొత్త కాగితం మీద సంతకం అడిగేవారితో జాగ్రత్తగా ఉండాలి.

నోటుపుస్తకం తిరగవేస్తున్నప్పుడు మా చిన్న చెల్లెలు ఒక ప్రశ్న వేసింది. “అమ్మీ మహర్ ఇచ్చారా?” నిఖాహ్‌నామా తీసి చూశాము, 1,100 రూపాయలు. అబ్బా ఇచ్చిన దాఖలా లేదు. చెల్లించని మహర్ కూడా భార్యకు భర్త పడిన అప్పే. వాటాలకు ముందు తీరవలసినది. దేశ చట్టమూ దానిని అప్పుగానే గుర్తించింది. ఎరువుల దుకాణం బాకీ, చుట్టాల బాకీ, పొరుగూరి రైతు బాకీతో పాటు ఆ 1,100 రూపాయలూ అబ్బా ఖాతా సొమ్ములోంచి తీసి అమ్మీ చేతిలో పెట్టాము. ఆమె వద్దనలేదు. లెక్కపెట్టుకొని, “నలభై రెండేళ్ళ బాకీ” అని నవ్వి, కొంగున ముడివేసుకున్నారు. మిగిలిన సొమ్ము ఎనిమిది భాగాలైంది.

భూమిని రోడ్డు నుంచి వెనుక గెట్టు వరకు నిలువు ముక్కలుగా కొలిపించాము. అడ్డంగా కొలిస్తే రోడ్డు వైపు ఎవరికి, వెనుక ఎవరికి అన్న తగవు వస్తుంది. నిలువుగా కొలిస్తే ముక్క సన్నబడుతుంది గాని ప్రతి ఒక్కరికీ దారి ఉంటుంది. మా దుక్కి ఇదివరకటి కన్నా తగ్గింది. ఆ లోటు మాకు తెలుస్తూనే ఉన్నది. నడిపి ఆపా తన 20 గుంటలను అమ్మలేదు, మాకు తిరిగి ఇవ్వనూ లేదు. కౌలుకు ఇచ్చారు, ఆ డబ్బు బావగారి మందులకు వెళుతున్నది. ఈ రంజాన్ పండుగకు ముగ్గురూ పుట్టింటికి వచ్చారు. బోరు నీటి వంతులు మాత్రం ఇంకా తేలవలసి ఉన్నది.

పెద్ద ఇళ్ళ పాఠం

ఆస్తి చిన్నదైతే పంపకం ఆలస్యమైనా పరవాలేదనుకుంటాము; పెద్దదైతే న్యాయవాదులు చూసుకుంటారనుకుంటాము. మన ప్రాంతపు చరిత్ర మరొకటి చెబుతున్నది. హైదరాబాదు రాజ్యంలో నిజాం తరువాత అంతటివారు పాయెగా నవాబులు. మన వికారాబాదు పేరు కూడా పాయెగా వంశీయుడైన వికారుల్ ఉమ్రా నుంచి వచ్చినదే. ఆ వంశంలోని ఖుర్షీద్ జాహీ శాఖ మత్రూకా పంపకానికి 1955లో దావా వేశారు. అది హైకోర్టుకు బదిలీ అయి 1958 నాటి 14వ నంబరు దావా అయింది. 1963 జూన్ 28న ప్రాథమిక డిక్రీ వచ్చింది. ఆ దావాలోని హైదర్‌నగర్ భూములపై సుప్రీంకోర్టు 2023 జూన్ 15న తీర్పు చెప్పవలసి వచ్చింది. ఈ 68 ఏళ్ళలో దావా వేసిన తరం వెళ్ళిపోయింది. చివరికి కోర్టులో వాదించుకున్నవారిలో ఎక్కువమంది వారసులు కారు. డిక్రీ హక్కులు కొనుక్కున్నవారు, భూములు కొన్నవారు.

1948లో నిజాం ప్రభుత్వ సొమ్ము పది లక్షల పౌండ్లకు పైగా లండన్‌లోని ఒక బ్యాంకు ఖాతాకు చేరింది. అది ఎవరిదన్న తగవు 2019 అక్టోబరు 2న గాని తీరలేదు. అప్పటికి ఆ సొమ్ము సుమారు మూడున్నర కోట్ల పౌండ్లయింది. ఆలస్యంలో సొమ్ము పెరగవచ్చు. హక్కుదారులు మాత్రం ఒక్కొక్కరే రాలిపోతారు.

మా మనవి

ఇంట్లో మరణం జరిగిన మూడు నెలల్లోగా వారసులందరూ, ఆడబిడ్డలతో సహా, ఒకచోట కూర్చొని ఆస్తుల జాబితా, అప్పుల జాబితా రాసుకోవాలి. వాటాల లెక్క ఆలిమ్ చేత వేయించి, కాగితం మీద అందరి సంతకాలు తీసుకోవాలి. భూభారతి దరఖాస్తులో ఏ వారసుని పేరూ వదలరాదు. సోదరి వాటాను ముందు ఆమెకు అప్పగించాలి; ఆమె ఏమి చేసుకుంటుందో ఆమె ఇష్టం. నామినీ పేరు చూసి ఎవరూ యజమాని కారాదు. మృతుని ఫోనును ఆ ఇంటి పెద్దవద్ద ఉంచి, అప్పులూ అమానతులూ తేలిన తరువాతే మూసివేయాలి.

బతికున్నవారు చేయదగినది ఇంకా సులభం. అల్‌బఖరా సూరాలోని అతి పెద్ద ఆయత్ అప్పును రాసుకోమనే చెబుతున్నది. ఎవరికి ఎంత ఇవ్వాలో, ఎవరి నుంచి ఎంత రావాలో, ఎవరి సొమ్ము మన వద్ద దాచి ఉన్నదో, ఫోనులోని ఖాతాల వారసుడు ఎవరో ఒక పుటలో రాసి, భార్యకు చెప్పి ఉంచితే చాలు. మా ఇద్దరి ఇళ్ళలో ఆ పుటలు రాసి ఉన్నాయి. మొదటి పంక్తి మహర్ గురించి.

అల్లాహ్ మన మృతుల బాకీలను మన చేతులతో తీర్పించుగాక. హక్కుదారుల హక్కును వారి చేతికి అప్పగించే శక్తిని మనకు ప్రసాదించుగాక. ఆమీన్.